పిలుపు దూరం

ఇంకా మింగలేదు. మింగుతుందిలే, మింగక ఎక్కడికి పోతుంది అని నాకు నేనే చెప్పుకుంటూ మా ముందున్న కుక్క గుండీ దవడ కింద రెండు వేళ్ళు ఆనించి నేల మీద కూర్చున్నాను, మోకాళ్ళ కింద పాత దుప్పటి మడతేసుకుని. ఆపరేషన్ అయిపోయింది, పొట్ట మీద కుట్లు పడ్డాయి, బల్ల మీంచి దించి ఈ మూల పరుపు మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాం, మత్తు ఆపేశాం, ఇప్పుడు గొట్టంలోంచి ఉత్త ఆక్సిజనే పోతోంది. గొట్టం నోట్లోంచి గొంతులోకి, అక్కణ్ణించి ఊపిరి వెళ్ళే దారిలోకి దిగి ఉంది. అది వేసింది నేను. తీయాల్సిందీ నేనే. ఎప్పుడు తీయాలో గడియారం చెప్పదు, కుక్క చెప్పాలి, తనంతట తాను ఒక గుటక వేసి. గుటక వేసిందంటే గొంతు మేలుకుంది, ఇక తన ఊపిరి తాను కాచుకుంటుంది అని. తొందరపడి ముందే లాగేస్తే నోట్లో ఊరిన చొంగంతా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, ఆలస్యం చేస్తే తెలివొచ్చిన కుక్క ఆ గొట్టాన్నే కొరికి సగం మింగేస్తుంది. మింగలేక కక్కలేక అని జనం మాటవరసకి అంటారు గానీ ఆ రెంటి మధ్యా నిజంగా కాపలా కూర్చున్నదాన్ని ఈ పూట ఈ వీధి మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎడమ చెయ్యి దవడ కింద, కుడి చెయ్యి పక్కటెముకల మీద. లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. ముసలి కుక్క, మత్తు దిగడానికి దానికి తీరిక కావాలి. ఉండనీ, నాకేం తొందర, పొయ్యి మీద పాలు పెట్టి రాలేదు కదా.

నా వెనక, భుజానికి తగిలీ తగలనంత దూరంలో మా కోడలు నిలబడి ఉంది. మా కోడలంటే ఈ జంతువుల ఆసుపత్రికి డాక్టరు. ఇంట్లో నాకు కోడలు, ఆ గుమ్మం దిగి ఈ గుమ్మం ఎక్కితే నాకు పై అధికారి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నవాళ్ళెవరూ మా ఇద్దరినీ చూసి ఉండరు. ఒకే కప్పు కింద ఉండటం చాలదన్నట్టు మేం ఒకే కుక్క మీద కూడా వంగి ఉంటాం. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. లిఫ్టే నయం, ఎప్పుడు పైకెళ్తుందో ఎప్పుడు కిందికొస్తుందో మీట నొక్కితే తెలుస్తుంది, మీ ఇద్దరిలో ఎవరు పైనో ఎవరు కిందో పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది అంటాడు. వాడి మాటలకేం. వెనక్కి తిరిగి చూడకుండానే చెప్పగలను ఆమె చేతులు ఇప్పుడెక్కడున్నాయో. వెనక్కి, నడుం మీద, ఒక చేతి మణికట్టుని ఇంకో చెయ్యి పట్టుకుని. ఆమె చదువుకునే రోజుల్లో నేర్పించే పెద్దాయన పక్కనే నిలబడి, తను సూది ఎత్తగానే అలా కాదు ఇటివ్వు అని లాక్కునేవాడట. మంచివాడే, పని తెలిసినవాడే, కానీ ఆయన దగ్గరున్నంత కాలం ఒక్క గాయం కూడా తను కుట్టడం మొదలుపెట్టి తను ముగించలేదట. నా కింద ఎవరైనా పని చేసే రోజొస్తే చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను అని అప్పుడే ఒట్టు పెట్టుకుందట. తప్పు జరగబోతే నోటితో చెప్తుంది. నోరు చాలకపోతేనే చెయ్యి వస్తుంది. నా మీదికి ఇప్పటిదాకా రాలేదు, అది రాసి పెట్టుకోవాల్సిన సంగతి. ఇంట్లో నేను అలా ఉండగలనా? ఉండలేను. ఆమె పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతుంటే నా చెయ్యి గరిటె కోసం దానంతట అదే లేస్తుంది. అత్తయ్యా, చేతులు వెనక్కి, అంటుంది నవ్వకుండా. పెట్టుకుంటాను. పెట్టుకుని పళ్ళు బిగించి చూస్తాను, కూర అడుగంటుతుంటే. ఊరికే నిలబడి చూడటం ఎంత కష్టమైన పనో నాకు పొయ్యి దగ్గరే తెలిసింది.

లేస్తోంది, దిగుతోంది. చిగురు మీద వేలితో నొక్కి వదిలాను, తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కింది. బాగుంది. ఒంటి చుట్టూ వేడినీళ్ళ సీసాలు గుడ్డల్లో చుట్టి పెట్టాను, ఒకటి చల్లారినట్టుంది, మార్చాలి. మా కోడలికి ముందు ఇక్కడున్న పాత డాక్టరు గారికైతే ఈ చేతులు వెనక్కి కట్టుకోవడం తెలీదు. ఆయనవి ఎప్పుడూ ముందుకే. నన్ను ఆయన పిలిచేది ఒకే మాటతో, పట్టుకో. పట్టుకునేదాన్ని. ఈ వీధిలో సగంమందికి నేను ఇప్పటికీ పట్టుకునేవిడనే, నా పేరు అడిగినవాళ్ళు తక్కువ. ఆ మాటకి చిన్నబుచ్చుకున్న రోజు లేదు, ఎందుకంటే పట్టుకోవడం అందరికీ రాదు. బలం పెట్టి పట్టుకుంటే కుక్క బలం పెడుతుంది, వదులుగా పట్టుకుంటే డాక్టరు చెయ్యి పోతుంది. ఒక చెయ్యి మెడ కిందనుంచి చుట్టి దాని చెంప నా గుండెకి ఆనించుకోవాలి, ఇంకో చెయ్యి వీపు మీదుగా వెళ్ళి ముందరికాలు మోచేతి వెనకనుంచి ముందుకి తోయాలి, బొటనవేలు కాస్త పక్కకి తిప్పి నొక్కాలి. అప్పుడు చర్మం కింద నరం లేచి నిలబడుతుంది. కుక్క మాత్రం ఎవరో వాటేసుకున్నారనే అనుకోవాలి. పిల్లి అయితే తువ్వాల్లో చుట్టాలి, కాకిపిల్లకైనా సరే పట్టుకున్నట్టు అనిపించకూడదు. నా బొటనవేలి కింద నరం లేచేది, ఆయన సూది గుచ్చేవారు, రక్తం వచ్చేది, హమ్మయ్య అనుకునేవాళ్ళం. నేనే గుచ్చితే ఏమవుతుందో అని ఆ వేలికి అనిపించకపోలేదు. కానీ నాకు అప్పటికి ఆ అనుమతి లేదు. సహాయకురాలి పని పట్టుకోవడం, తూచడం, తినిపించడం, కడగడం, సామాన్లు మరిగించడం వరకే. సూది చేత పట్టాలంటే టెక్నీషియన్ చదువు చదవాలి, పరీక్ష నెగ్గాలి. అలాంటి చదువొకటుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు, ఆయన్ని అని ఏం లాభం.

ఆయన పని మానేసి వెళ్ళిపోయాక ఆసుపత్రి ఈవిడ తీసుకుంది. తీసుకున్న కొత్తలోనే నా బొటనవేలు చూసింది. ఏదో కుక్కకి రక్తం తీస్తూ తలెత్తి, అత్తయ్యా, నరం ఎక్కడుందో నాకంటే ముందు మీ వేలికి తెలిసిపోతోంది, మీరు టెక్నీషియన్ పరీక్షకి కట్టండి అంది. ఈ వయసులోనా అన్నాను. నరానికి మీ వయసు తెలీదు అంది. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, ఇంటిపనే తెమలక చస్తుంటే మళ్ళీ చదువా అని పైకి సణిగాను గానీ, ఆ రాత్రి పడుకుంటే నవ్వు ఆగలేదు. పుస్తకం తెచ్చిచ్చింది. నేను కూరలు తరుగుతుంటే తను ప్రశ్నలు వేసేది. మత్తులో ఉన్న కుక్క చిగుళ్ళు నీలంగా మారితే? గొట్టం చూస్తాను, ఆక్సిజన్ చూస్తాను, మిమ్మల్ని పిలుస్తాను. ముందు ఏది? మూడూ ఒకేసారి. కుక్క యజమాని మీ చెయ్యి పట్టుకుని ఇదేం జబ్బమ్మా అని అడిగితే? డాక్టరు గారు చెప్తారు అంటాను. మీకు తెలుసు కదా? తెలిసినా. ఏడుస్తూ అడిగితే? అప్పుడూ డాక్టరు గారే చెప్తారు, నేను మంచినీళ్ళిస్తాను. మంచినీళ్ళు పుస్తకంలో లేవు అత్తయ్యా. పుస్తకం రాసినవాడు ఏడ్చేవాళ్ళని చూసుండడు అన్నాను. నవ్వింది.

దూరాలు కూడా వంటింట్లోనే నేర్పింది, గట్టు మీద గ్లాసులు పెట్టి. ఇది మీరు, ఇది నేను. ఆనుకునేలా పెట్టి, ఇది భుజం దూరం అంది. కొత్తగా నేర్చుకునే పనులూ మత్తులో ఉన్న జంతువూ ఇక్కడ. కాస్త ఎడంగా జరిపి, ఇది పిలుపు దూరం, నేను ఇదే కప్పు కింద ఉంటాను, గదిలో ఉండను, మీరు పిలిస్తే వినబడాలి. గ్లాసు తీసుకెళ్ళి కిటికీలో పెట్టి, ఇది ఫోను దూరం, నేను ముందే చూసి ఏం చెయ్యాలో చెప్పి వెళ్ళినవాటికి, కట్టు మార్చడం లాంటివాటికి. ఏ పని ఏ దూరంలో చెయ్యొచ్చో పెద్దలు రాసి పెట్టారు, కానీ ఎవర్ని ఎప్పుడు ఏ దూరంలో వదలాలో నేను తేల్చుకోవాలి, తేడా వస్తే జవాబు చెప్పేది నేను అంది. జబ్బుకి పేరు పెట్టడం, మందు రాయడం, కత్తి పెట్టి కోయడం, బతుకుతుందో లేదో చెప్పడం, ఇవి మాత్రం ఏ దూరంలోనూ మీవి కావు. సరేనన్నాను. సూదులకీ రక్తాలకీ కట్లకీ నేను ఎప్పుడో పిలుపు దూరానికి వచ్చేశాను. మత్తు దగ్గర మాత్రం ఇంకా భుజం దూరమే. ఎన్ని ఆపరేషన్లకి గొట్టం వేశాను, ఎన్నిటికి తీశాను, ప్రతిసారీ ఆ అడుగుల చప్పుడు నా వెనకే. పగ లేదు. ఆశ ఉంది. ఒక్కసారి, నా వేళ్ళ కింద ఒక ప్రాణం ఉండగా, నన్ను నమ్మి ఆమె ఈ గదిలోంచి బయటికి నడవాలి. కోడలు గదిలోంచి ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసే అత్తలు లోకంలో బోలెడుమంది ఉంటారు, నేను ఎదురుచూసే కారణం మాత్రం వేరు.

దర్జీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. గుండీ అతని కుక్క. కుట్టుమిషను కింద, తొక్కే కాలికి పక్కన పడుకునే కుక్క, గుండీలు దొర్లితే మూతితో తోసుకొచ్చి కాలి దగ్గర పెడుతుందని ఆ పేరు. మొన్న ఎత్తుకొచ్చాడు, నీళ్ళు కడవల కొద్దీ తాగుతోంది, తిండి ముట్టడం లేదని. తలుపు తెరవగానే ఆ వాసనకే నాకు తెలిసిపోయింది, గర్భసంచిలో చీము. ఏమైందమ్మా దీనికి అన్నాడు. డాక్టరు గారు చూసి చెప్తారు అన్నాను, కూర్చోమని మంచినీళ్ళిచ్చాను. కోడలు చూసింది, చెప్పింది, కోసి తీసెయ్యాలంది. అతను నా వైపోసారి చూసి, గొంతు తగ్గించి, మత్తు సంగతి ఇంకో డాక్టరెవరైనా చూసుకుంటే బాగుంటుందేమోనమ్మా, మీ అత్తగారిని ఏదో అనాలని కాదు అన్నాడు. నేను అక్కడే దూది కత్తిరిస్తున్నాను. వీధిలో ఏమనుకుంటారో నాకు తెలీదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదట, కోడలు డాక్టరైంది కాబట్టి అత్త సూది పట్టిందట. నా పరీక్ష కాగితం ఎవరికి చూపించను, గోడకి తగిలించింది చదివేవాళ్ళుండాలి కదా. కోడలు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మత్తు ఆవిడ చూస్తారు, ఆవిడని నేను చూస్తాను అంది. అతను తల ఊపాడు. దూది వంకరగా తెగింది, తిన్నగా కత్తిరించడానికి నేను కాస్త ఆగాల్సి వచ్చింది.

అందుకే ఇది మేలుకోవాలి. ప్రతి కుక్కా మేలుకోవాలి, కానీ ఇది మేలుకోకపోతే అతను కుట్టుమిషను ముందు ఎలా కూర్చుంటాడు, ఆమె అన్న మాట ఏం కావాలి. కంటి కొస తాకాను. రెప్ప కదిలింది, కదిలినట్టే ఉంది. ఇందాక బల్ల మీద పొట్ట తెరిచి ఉన్నప్పుడు ఒక చోట నా ప్రాణం పోయినంత పనైంది. అంతా సాఫీగా పోతోంది, నేను తల దగ్గర, నా చెవుల్లో దాని గుండె. తొంభై దగ్గర హాయిగా కొట్టుకుంటున్నది ఉన్నట్టుండి నెమ్మదించింది. ఎనభై. డెబ్భై. మత్తు ఎక్కువైందని నా బుర్ర వెంటనే తీర్పు చెప్పేసింది, తగ్గించు తగ్గించు అని చెయ్యి మత్తు తగ్గించే మర వైపు వెళ్ళబోయింది. బుర్ర ఏమనుకున్నా నోరు పాఠం మర్చిపోలేదు. గుండె డెబ్భై, పడిపోతోంది, అరవై, అన్నాను. అంతే అన్నాను. ఎందుకు పడిందో చెప్పడం నా వంతు కాదు. ఆమె చేతులు లోపల ఆగాయి. నేను గర్భసంచిని పైకి లాగుతున్నాను, ఆ లాగుడికే గుండె నెమ్మదించింది, వదులుతున్నాను వినండి అంది. వదిలింది. అరవై, అరవై, డెబ్భై, ఎనభై. తొంభై అని నేను అనేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మత్తు ముట్టుకోవద్దు, సరిపడా ఉంది అంది. అంటే నేను అనుకున్నది తప్పు. నా బుర్ర మాట విని ఆ మర తిప్పి ఉంటే పొట్ట తెరిచి ఉండగా కుక్క కదిలేది. ఎంత గర్వమేసిందో చెప్పలేను, అవును, తప్పుగా అనుకుని గర్వపడ్డది లోకంలో నేనొక్కదాన్నేనేమో. నా చెవి సరిగ్గా విన్నది, నా నోరు సరిగ్గా చెప్పింది, ఆమె తల సరిగ్గా ఆలోచించింది. మా ఇంటి పిల్ల తల. నేను కనలేదు, పెంచలేదు, చదివించలేదు, అయినా కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు ఆ టోపీ కింద నుదురు చూస్తూ మురిసిపోయాను. గర్భసంచి పళ్ళెంలోకి వచ్చాక చూస్తే ఎంతుందో, అంత బరువు మోస్తూ ఈ ముసల్ది గుండీలు తోసుకొచ్చిందా అనుకున్నాను.

నాలుక కొస మెదిలిందా? మెదిలింది. చొంగ తుడిచాను. బయట వీధిలో ఎవరో బండికి హారన్ కొడుతున్నారు, కిటికీ గరుకు అద్దం మీద ఎండ పసుపుగా పరుచుకుంది, నా కుడికాలు తిమ్మిరెక్కింది, కదిలించను. అప్పుడు ముందుగదిలో తలుపు దబ్బున తెరుచుకున్న చప్పుడు, ఒక ఆడమనిషి గొంతు, వెంటనే దర్జీ ఈ తలుపు తట్టాడు. డాక్టరమ్మా, ఎవరో పిల్లిని తెచ్చారమ్మా, మేడ మీంచి పడిందట, నోట్లోంచి రక్తం. నా వెనక అడుగులు అటు ఒకసారి ఇటు ఒకసారి కదిలి ఆగాయి. ఈ ఊపిరి ఇక్కడ, ఆ రక్తం అక్కడ, మనిషి ఒక్కతి. వెళ్ళమ్మా నేనున్నాను కదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని నేను మింగాను. వెళ్ళాలా ఉండాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన సంగతి, మధ్యలో నా ఆశ పెట్టి తూకం మార్చకూడదు. నేను ఇవ్వాల్సింది నాకు తెలిసింది మాత్రమే.

"గుండె?" అంది.

"ఎనభై అయిదు, నిదానంగా ఉంది. ఊపిరి దానంతట అదే తీస్తోంది, లోతుగా. చిగుళ్ళు ఎరుపు."

"దవడ?"

"ఇందాక వదులు. ఇప్పుడు లాగితే ఎదురు లాగుతోంది. రెప్ప కదులుతోంది. గుటక ఇంకా లేదు."

 ఆమె వంగి నా భుజం మీదుగా దాని ముఖంలోకి చూసింది, ఆ తర్వాత నా ముఖంలోకి చూసింది, దాన్ని చూసినంత జాగ్రత్తగా. "పక్క గదిలో ఉంటాను అత్తయ్యా. ఏ కాస్త అనుమానం వచ్చినా పిలవండి." పిలుస్తాను అన్నాను. వెళ్ళింది. తలుపు సగం తెరిచి ఉంచి వెళ్ళింది.

వెళ్ళింది. నా వెనక ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు, వీపు చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదేనా, ఇంత బోసిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే. సంతోషించడానికి తీరిక లేదు. లేస్తోంది, దిగుతోంది. పక్కగదిలో పిల్లి బొంగురుగా అరుస్తోంది, అరుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే, అది ఆమె చూసుకుంటుంది. గొట్టాన్ని చెవుల వెనక కట్టిన గుడ్డ ముడి విప్పి సిద్ధంగా పెట్టాను. సిరంజి పక్కన పెట్టుకున్నాను. గుండీ, నీ యజమాని అక్కడ నీ కోసం కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాడే, పైగా పిల్లి వాళ్ళకి తలుపులు కూడా తీస్తున్నాడు, లే తల్లీ. చెవి విదిలించింది. ముందరికాలు పరుపు మీద గీరింది. ఆ తర్వాత నా వేళ్ళ కింద, గొంతులో, ఏదో గట్టిగా పైకి లేచి కిందికి జారింది. గుటక.  గొట్టం చివర గొంతులో బిగిసి ఉండే చిన్న బుడగలోని గాలిని సిరంజితో లాగేశాను, ఇంకో గుటక వేసింది, తల కాస్త కిందికి వంచి గొట్టాన్ని నిదానంగా, దాని వంపు వెంటే బయటికి తీసుకొచ్చాను. ఒకసారి దగ్గింది. పక్కటెముకలు దిగాయి.

లేవలేదు. దిగిన చోటే ఉన్నాయి. నా చేతులు అప్పటికే మెడ చాపేశాయి, నోరు తెరిచి గుడ్డతో నాలుక పట్టి ముందుకి లాగాయి, ఆక్సిజన్ ముక్కు దగ్గరికి వచ్చేసింది. ఒక్క ఊపిరి తప్పడం కొత్త కాదు, గొట్టం తీసిన వెంటనే కొన్ని అలా ఆగి మళ్ళీ అందుకుంటాయి, నాకు తెలుసు, చూశాను. ఒక్క క్షణం చూద్దాం అని మనసు. ఇప్పుడే కదా వెళ్ళింది, వెళ్ళగానే పిలిస్తే ఏమనుకుంటుంది, పాత డాక్టరు గారైతే ఇందుకా పిలిచావు అని అందరి ముందూ అనేవారు, ముందుగదిలో దర్జీ ఉన్నాడు, పిల్లిని తెచ్చినావిడ ఉంది, మా కోడలి చేతిలో రక్తం కారే పిల్లి ఉంది, ఇన్నాళ్ళకి దొరికిన దూరం ఒక్క కేకతో మళ్ళీ భుజం మీదికొచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ అనుకోవడానికి పట్టినంతసేపు కూడా నేను ఆగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఇది నా చెయ్యి కాదు, దర్జీ వాళ్ళ కుక్క. "డాక్టర్" అని పిలిచాను. గట్టిగా, ఒక్కసారి, ఆసుపత్రి మొత్తానికి వినబడేలా. ముందుగదిలో మాటలు ఆగిపోయాయి.

ఆ మాట గోడలకి తగిలి ఇంకా కింద పడకముందే నా అరచేతి కింద పక్కటెముకలు లేచాయి. పెద్దగా, గురకలాగా, తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి గుండీ కళ్ళు సగం తెరిచి ఎక్కడున్నానా అన్నట్టు చూస్తోంది. ఆమె చేతులకి తొడుగులున్నాయి, వాటి నిండా పిల్లి రక్తం, దేనికీ తగలకుండా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఉంది. చెప్పాను. రెండు గుటకలు వేసింది, గొట్టం తీశాను, దగ్గింది, ఒక ఊపిరి తప్పింది, మెడ చాపి నాలుక లాగాను, ఆక్సిజన్ పెట్టి మిమ్మల్ని పిలిచాను, ఇప్పుడు వరసగా తీస్తోంది. సంజాయిషీ చెప్పుకోలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇందుకా అంటుందేమోనని మాత్రం చెవులు ఎదురుచూశాయి.

"మంచి పని చేశారు" అంది, ఆయాసపడుతూ. స్టెతస్కోపు నా మెళ్ళోనే ఉంది. ఆమె వంగబోయి తన చేతులు చూసుకుని ఆగింది. "నేను ముట్టుకోలేను. రెండు వైపులా విని చెప్పండి."

విన్నాను. పైవైపు రొమ్ము విన్నాను, దుప్పటి కాస్త ఎత్తి కిందివైపు చెయ్యి దూర్చి అక్కడా విన్నాను, తొందరపడకుండా, పక్కగదిలో పిల్లి ఉందని తెలిసి కూడా. గాలి వెళ్తున్న చప్పుడు, వస్తున్న చప్పుడు, మధ్యలో తడి లేదు, గరగర లేదు. గుండె కాస్త జోరుగా ఉంది, మేలుకుంటున్న ఏ గుండె అయినా అలాగే ఉంటుంది. "రెండు వైపులా శుభ్రంగా ఉంది" అన్నాను. ఆమె కుక్క వైపు చూడలేదు. నా మాట విన్నది, దాన్ని లోపలికి తీసుకుంది, తల ఊపింది. ఇంతకు ముందు ఆమె వెళ్ళింది పిల్లి కోసం, గత్యంతరం లేక, మనసు సగం ఇక్కడే వదిలి. నేను పిలవనని కాదు, పిలుస్తానో లేదో ఆమెకి తెలీదు. నాకూ తెలీదు, నిజం చెప్పొద్దూ. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

నా గుండెల్లో ఏదో పొంగి కళ్ళ దాకా వచ్చింది, చేతులు ఖాళీ లేవు కాబట్టి తుడుచుకోలేదు. గర్వమే అది, వేరే పేరు ఎందుకు పెట్టడం. గుండీ తోక పరుపు మీద ఒకసారి మెల్లగా కొట్టింది. ముందుగదిలోంచి దర్జీ ఏదో అడుగుతున్నాడు, వస్తున్నాను, నేనొచ్చి చెప్తాను అంటూ ఆమె గుమ్మం దాటింది. దాటి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూడకుండానే రక్తం చేతులు రెండూ గాల్లో ఎత్తిపట్టుకుని మోచేత్తో తలుపు దగ్గరికి లాగింది. తలుపు ఈసారి పూర్తిగా మూసుకుంది.